ఇంటి పద్దు: రెండో బ్రష్

గత సంచికలో ఇత్తడి సామాను గురించి రాశాక, "ఎంతసేపూ వంటింటి సామానేనా, మీ మగవాళ్ళ సామాను జోలికి వెళ్ళరేం?" అని మా శ్రీమతి అడిగింది. న్యాయమైన ప్రశ్నే. అందుకని ఈసారి గడ్డం గీసుకునే బ్రష్‌ను పద్దులోకి ఎక్కిస్తున్నాను. ఒకటి ఉండగా రెండోది ఎందుకు, ఎలాంటిది కొనాలి, ఎలా ఆరబెట్టాలి అన్నవి మూడే అంశాలు.

మన పెద్దల కాలంలో రెండో బ్రష్ ప్రసక్తే లేదు. మంగళవారం, శుక్రవారం క్షౌరం పనికిరాదు. అమావాస్య, ఏకాదశి, పుట్టినవారం ఉండనే ఉన్నాయి. అంటే బ్రష్‌కి శాస్త్రమే సెలవులు మంజూరు చేసేది. మనకు ఉద్యోగాలు వచ్చి, పది గంటలకల్లా నున్నటి చెంపలతో కౌంటరు వెనక కూర్చోవలసి వచ్చాక ఆ సెలవులన్నీ రద్దయ్యాయి. బ్రష్ మాత్రం పాతదే, ఒక్కటే.

చిక్కు ఎక్కడంటే, జంతువుల రోమం నీటిని పైపైన అంటించుకుని ఊరుకోదు. తన బరువులో సుమారు 30 శాతం దాకా లోపలికి పీల్చుకుంటుంది. అందులోనూ కుచ్చు పిడిలోకి దిగే చోట వెంట్రుకలు ఒత్తుగా ఉంటాయి గనుక అక్కడి తడి అన్నిటికన్నా ఆఖరున పోతుంది. మా బరంపురానికి గోపాల్‌పూర్ సముద్రం ఇంచుమించు 15 కిలోమీటర్లు. శ్రావణ భాద్రపదాల్లో ఇక్కడ అప్పడాలే ఆరవు, బ్రష్ మాట చెప్పాలా! చెన్నై, ముంబయి, యానాం వాసులకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. ఈ రోజు వాడిన బ్రష్ మళ్ళీ రేపు ఉదయం తడుస్తుంటే దానికి దక్కేది 24 గంటలు. రెండు ఉంటే ఒక్కొక్కదానికి 48 గంటలు. పైగా పని సగమయింది కాబట్టి రెండూ ఎక్కువ కాలం మన్నుతాయి. ఖర్చు రెట్టింపు కాలేదు, ముందుగా కట్టామంతే.

ఇక కొనడం. దుకాణంలో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది పంది వెంట్రుకలది. డబ్బా మీద ‘ప్యూర్ బ్రిసిల్’ అని ఉంటే సాధారణంగా అదే. చవక, గట్టిది. మొదట్లో గుచ్చుకుంటుంది, కొన్ని వారాలు వాడాక కొనలు చీలి మెత్తబడుతుంది. వాడబోయే ముందు రెండు మూడు నిమిషాలు గోరువెచ్చని నీటిలో నానాలి. ఎవరికైనా కానుకగా ఇచ్చేటప్పుడు అది దేనితో చేసిందో తెలుసుకుని ఇవ్వడం మర్యాద. ముస్లిం మిత్రులకు, మడి ఆచారం పాటించే ఇళ్ళకు అది ఇబ్బంది. రెండోది బాడ్జర్ అనే జంతువు రోమంతో చేసేది. నీరు బాగా పట్టి ఉంచుతుంది, నురగ చక్కగా వస్తుంది, ధరా అలాగే ఉంటుంది. ఆరడం ఆలస్యం. మూడోది కృత్రిమ పోగుది.

కృత్రిమం అనగానే పాతకాలపు గరుకు నైలాన్ గుర్తొచ్చి మొహం చిట్లించేవారున్నారు. నైలాన్ మొట్టమొదట బజారులోకి వచ్చింది 1938లో, అమెరికాలో, పళ్ళు తోముకునే బ్రష్‌గా. అప్పటి మొరటుతనం ఇప్పుడు లేదు. నేటి పోగులు సన్నగా, మెత్తగా ఉంటాయి. నీటిని పీల్చవు, నానబెట్టనక్కరలేదు, తొందరగా ఆరతాయి. పాతది రోమం బ్రష్ అయితే రెండోది కృత్రిమం కొనండని నా సలహా. వానాకాలంలో ఆ రెండోదే ఆదుకుంటుంది. కొనేటప్పుడు కుచ్చును వేలితో విడదీసి చూడండి, మెల్లగా లాగి చూడండి. పోగులు గుత్తులుగా ఊడివస్తే అక్కడే వదిలేయండి.

జంతు రోమం విషయంలో ఒక చరిత్ర కూడా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్, అమెరికా సైనికులకూ పౌరులకూ గడ్డం బ్రష్‌ల వల్ల ఆంత్రాక్స్ సోకింది. సరిగా శుద్ధి చేయని గుర్రపు వెంట్రుకలు అందుకు కారణం. ఇప్పుడు రోమాన్ని శుద్ధి చేసి వాడుతున్నారు కనుక భయం అక్కరలేదు. కానీ చెంపకు తగిలే వస్తువు శుభ్రం సంగతి తేలిగ్గా తీసుకోకూడదని తెలుస్తుంది.

మా ఇంట్లో ఈ జాగ్రత్తకు ఇంకో కారణం మా నాన్నగారు. వారికి 84 ఏళ్ళు, చాలాకాలంగా చక్కెర వ్యాధి. చెయ్యి వణుకుతుంది కనుక రెండేళ్ళుగా వారికి గడ్డం నేనే గీస్తున్నాను. మంగళ, శుక్రవారాలు ఇప్పటికీ ఒప్పుకోరు. ఆ వయసులో చర్మం ఉల్లిపొర. చిన్న గాటు పడినా మానడానికి రోజులు పడుతుంది. వెంట్రుక కుదుళ్ళలో చీము పట్టిందంటే మందులదాకా పోతుంది. అందుకే వారి బ్రష్, రేజరు, తువ్వాలు వేరు. రేజరు పంచుకుంటే హెపటైటిస్ బి, సి సోకే ప్రమాదం ఉంది కనుక ఇది వయసుతో నిమిత్తం లేని నియమం. వారికి కృత్రిమ పోగుది కొన్నాను. మొదటిరోజు నురగ రాస్తుంటే కళ్ళు మూసుకుని, "ఇది మెత్తగా ఉందిరా" అన్నారు. నాన్నగారి నోట మెప్పు వినడం మా ఇంట్లో అరుదు గనుక ఆ ఖర్చు నేను లాభం కింద రాసుకున్నాను.

ఆరబెట్టడం కొనడంకన్నా ముఖ్యం. మొదట సబ్బు పూర్తిగా పోయేదాకా కడగాలి. బోరు నీళ్ళ ఊళ్ళలో సబ్బు తెల్లటి తెట్టుగా మొదట్లో పేరుకుంటుంది. అలాంటప్పుడు ఎప్పుడైనా ఒకసారి, కప్పు నీళ్ళలో చెంచా వెనిగర్ కలిపి కుచ్చును కొన్ని నిమిషాలు ముంచి కడిగితే చాలు. తర్వాత మెలిపెట్టకుండా పిండి, నాలుగుసార్లు గట్టిగా విదిలించి, పొడి తువ్వాలు మీద అటూ ఇటూ రాయాలి. తలకిందులుగా వేలాడదీయాలా, నిలబెట్టాలా అని వాదించుకుంటూ ఉంటారు. విదిలించాక మిగిలిన తడి వెంట్రుకల మధ్య పట్టుకుని ఉంటుంది, అది కారిపోయే నీరు కాదు. దాన్ని తీసుకుపోవలసింది గాలే. కాబట్టి ఎలా పెట్టినా సరే, గాలి తగిలేచోట పెట్టండి. స్నానాలగదిలో వద్దు, తలుపున్న అద్దాల పెట్టెలో వద్దు, ప్లాస్టిక్ గొట్టంలో అసలే వద్దు. మండుటెండ, మరిగే నీరు కూడా వద్దు. పిడి పగులుతుంది, లోపలి జిగురు వదులుతుంది.

రెండు బ్రష్‌లు వచ్చాక వంతు ఎలా అన్నది ఆఖరి ప్రశ్న. సరి తేదీకి ఒకటి, బేసి తేదీకి ఒకటి అన్నాడు మా సహోద్యోగి. వినడానికి బాగుంది గాని, 31 తర్వాత వచ్చే 1 కూడా బేసే. ఏడాదికి ఏడుసార్లు, ఫిబ్రవరికి 29 రోజులున్న ఏడు ఎనిమిదిసార్లు, ఒకే బ్రష్ వరసగా రెండు రోజులు తడుస్తుంది. అంతకన్నా గోదాము లెక్క నయం: ముందు వచ్చిన సరుకు ముందు పోవాలి. వాడినదాన్ని కుడివైపు పెట్టండి, రేపు ఎడమవైపుది తీయండి. ఎడమది తీశాక మిగిలినదాన్ని ఎడమకు జరపండి. క్యాలెండరుతో పనిలేదు.

వచ్చే సంచికలో గొడుగులు.