కాళ్ల దగ్గర లైటుకూ, తలుపు మోటారుకూ ఏం సంబంధం?

కార్ల తయారీదారుల సంఘం సియామ్ పెద్దలకు, అందులో సభ్యులైన కార్ల కంపెనీల యాజమాన్యాలకు,

అయ్యా,

తుళ్లూరులో కార్ల వైరింగ్ పని చేసుకుని బతికేవాణ్ణి. మీలాంటి వాళ్లకు ఉత్తరం రాయాల్సి వస్తుందని ఏనాడూ అనుకోలేదు. మొన్నీమధ్య మీలో ఒక కంపెనీ సర్వీస్ సెంటర్ వాళ్లు మా ఊరి కుర్రాడి కారుకు వారంటీ వర్తించదని కాగితం రాసిచ్చారు. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. రాస్తే మిగతావాళ్లు తమది కాదులే అని ఈ ఉత్తరం పక్కన పడేస్తారు. కాగితం మీద కారణం ఒక్క ముక్కే ఉంది: బయటి వైరింగ్ చేయించారు. ఆ వైరింగ్ చేసింది నేనే. కాబట్టి జవాబు అడిగే హక్కు నాకుంది.

చేసిన పనేమిటో చెబుతాను. డాష్‌బోర్డు కింద, ముందు సీట్ల కింద కాళ్ల దగ్గర వెలిగేలా ఎల్‌ఈడీ పట్టీలు నాలుగు ముక్కలు పెట్టాను. మొత్తం కలిపి 12 వాట్లు, అంటే 12 వోల్టుల బ్యాటరీ మీద ఒక యాంపియర్ లోడు. దానికి రిలే కూడా అక్కర్లేదు. అదే 55 వాట్ల ఫాగ్ ల్యాంపులు రెండు పెట్టమంటే 9 యాంపియర్ల పైమాటే, రిలే లేకుండా నేను ముట్టుకోను. స్టీరింగ్ కింది ఫ్యూజు డబ్బాలో తాళం తిప్పితేనే కరెంటు వచ్చే అర చూసుకుని, ఫ్యూజ్ ట్యాప్ గుచ్చి, 5 యాంపియర్ల ఫ్యూజు వేశాను. మీ వైరు ఒక్కటి కూడా కొయ్యలేదు, తొక్క తీయలేదు. తాళం తీశాక కూడా లైటు వెలుగుతూ ఉంటే రాత్రి 12 గంటల్లో 12 యాంపియర్ అవర్లు లాగేస్తుంది. చిన్న కార్ల బ్యాటరీ 35 యాంపియర్ అవర్లది. అలా రెండు రాత్రులు మర్చిపోతే మూడోనాడు పొద్దున బండి తోయాల్సిందే. అందుకే తాళంతో ముడిపెట్టాను. ఎర్తు కోసం బాడీ బోల్టు దగ్గర పెయింటు గీకి రింగు టెర్మినల్ బిగించాను. వైరు మీద గుడ్డ టేపు చుట్టి, పెడళ్లకు తగలకుండా పైకి క్లిప్పులు వేశాను. స్విచ్‌ను డాష్‌బోర్డు మీద మీరు వదిలిన ఖాళీ మూత తీసి అక్కడే కూర్చోబెట్టాను.

కొన్నాళ్లకు వెనక ఎడమ తలుపు అద్దం దిగడం మానేసింది. వారంటీ ఉంది కదా అని కుర్రాడి నాన్న కారును షోరూముకు తీసుకెళ్లాడు. వాళ్లు తలుపు విప్పకముందే డాష్‌బోర్డు మీద స్విచ్ చూసి ఫొటో తీశారట. అంతే, ఫైలు మూసేశారు. కుర్రాడు నా దగ్గరికొచ్చి, "అన్నా, నువ్వు పెట్టిన లైటు వల్లే మోటారు పోయిందంటన్నారు" అన్నాడు. నేను తలుపు ప్యాడు విప్పి, మోటారు కప్లరు ఊడదీసి, బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇచ్చాను. తిరగలేదు. తిరగేసి ఇచ్చాను. అలికిడి లేదు. చచ్చిపోయింది మోటారే. దాని ఫ్యూజు వేరు, దాని వైరు వేరు, నా స్విచ్ ఉన్న చోటు వేరు. ముందు సీటు కింద వెలిగే ఒక యాంపియర్ లైటు వెనక తలుపులోని మోటారును ఏ దారిన వెళ్లి కాల్చిందో మీ ఇంజనీర్లలో ఎవరైనా బొమ్మ గీసి చూపించగలరా?

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. వాళ్లు కారు తిరిగిచ్చేటప్పుడు నా వైరును కటింగ్ ప్లేయరుతో కోసి వదిలేశారు. కోసిన కొసకు టేపు చుట్టలేదు. ఇంటికొచ్చాక కుర్రాడు అలవాటుగా స్విచ్ నొక్కాడు. వేలాడుతున్న పాజిటివ్ కొస ఇనప బ్రాకెట్‌కు తగిలి చిటుక్కుమంది. నేను వేసిన 5 యాంపియర్ల ఫ్యూజు, ఆ లేత గోధుమరంగు ముక్క, ఎగిరిపోయింది. అది ఎగిరింది గనుక వైరు వేడెక్కలేదు, కింద పరిచిన కార్పెట్ అంటుకోలేదు. అదే ఏ తొందరపాటు మనిషో ఫ్యూజు లేకుండా బ్యాటరీ నుంచి లాగిన వైరైతే ఏమయ్యేది? ప్రమాదం తెచ్చే పని ఎవరు చేసినట్టు? ప్రమాదం ఆపిన పని ఎవరిది? వారంటీ కాగితంలో ఈ రెండో ప్రశ్నకు చోటెక్కడ?

మీ మీద నాకున్న కోపం ఈ ఒక్క కారుతో వచ్చింది కాదు. చవక వేరియంటు కొన్నవాడి డాష్‌బోర్డు మీద ఖాళీ స్విచ్ మూతలు వరసగా పెట్టి ఇస్తారు. పై వేరియంటులో అదే చోట బటన్లుంటాయి. కొన్ని కార్లలో 64 రంగులు మారే లైట్లు మీరే అమ్ముతున్నారు, షోరూములో యాక్సెసరీ అని బిల్లు వేసి మీరే బిగిస్తున్నారు. షోరూము బిల్లు ఉంటే అది అలంకారం, నా చేత్తో బిగిస్తే అది నేరం. లైటుకు ఈ తేడా తెలుస్తుందా? ఫ్యూజుకు తెలుస్తుందా?

వెనకటి కార్లలో స్విచ్ నుంచి కరెంటు నేరుగా బల్బుకు పోయేది. టెస్టర్ లైటు ఒకటి చేతిలో ఉంటే అంబాసిడర్‌లో, మారుతి 800లో ఏ వైరు ఎటు పోతుందో ఎవరైనా పట్టుకునేవాళ్లు. ఇప్పుడు స్విచ్ ఒక సంకేతం మాత్రమే పంపుతుంది. బాడీ కంట్రోల్ మాడ్యూల్ దాన్ని చదువుకుని, ఏ బల్బుకు ఎంత ఇవ్వాలో తానే ఇస్తుంది. చాలా కార్లలో పార్కింగ్ లైటు వైరుకు తెలియక జాయింట్ కొడితే అది లోడు తేడా కనిపెట్టి డాష్‌బోర్డు మీద తప్పు చూపిస్తుంది, ఒక్కోసారి ఆ లైనే ఆపేస్తుంది. మంచి ఏర్పాటే, కాదనను. కానీ ఏ వైరు ముట్టుకోవచ్చో, ఏది ముట్టకూడదో చెప్పే సర్క్యూట్ బొమ్మ మాకు ఇవ్వరు. ఫ్యూజు డబ్బా మూత మీద గుర్తులు, యజమాని పుస్తకంలో ఒక పట్టిక, అంతవరకే మా చదువు. మిగతాదంతా మల్టీమీటరుతో తడుముకోవడమే. దాచిపెట్టింది మీరు, తడుముకునేది మేము, చివరికి తప్పు మా నెత్తిన.

ఇది కొత్త తగువు కాదని మీకు నాకంటే బాగా తెలుసు. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి రూ. 2,544 కోట్ల పైన జరిమానా వేసింది. విడిభాగాలు, తనిఖీ పరికరాలు, సాంకేతిక సమాచారం బయటి గ్యారేజీలకు అందకుండా చేస్తున్నారని తేల్చింది. ఆ ఉత్తర్వులోనే ఇంకో మాటుంది. బయట రిపేరు చేయించుకున్నంత మాత్రాన మొత్తం వారంటీ రద్దంటూ గంపగుత్త షరతు పెట్టకూడదు, బయటి పని సరిగ్గా చేయకపోవడం వల్ల ఎంత నష్టం జరిగిందో అంతవరకే వారంటీ తీసేయవచ్చు అని. మీరు అప్పీళ్లకు వెళ్లారు, ఏళ్లు గడిచాయి. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, ఆ డిసెంబరులో పోర్టల్ తెరిచింది, కార్లు కూడా అందులో ఉన్నాయి. అయినా మా ఊరి కుర్రాడికి వచ్చిన కాగితంలో ఏ లైటు వల్ల ఏ మోటారుకు ఎలా నష్టం జరిగిందన్న మాటే లేదు. పదేళ్లు దాటిన ఉత్తర్వు మీ షోరూముల దాకా రావడానికి ఇంకెన్నాళ్లు కావాలి?

చట్టం తెలియకుండా మాట్లాడుతున్నానని అనుకోవద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తెలుసు. తయారీదారు ఇచ్చిన నమూనాకు విరుద్ధంగా బండి మార్చకూడదని 2019 జనవరి 9న సుప్రీంకోర్టు చెప్పిన సంగతి తెలుసు. అదే ఏడాది సెప్టెంబరు నుంచి 182ఎ కింద ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని కూడా తెలుసు. బయట వెలిగే లైట్ల విషయంలో నేను మీకంటే గట్టిగా ఉంటాను. 2017 మే 1 నుంచి మంత్రుల కార్ల మీద ఎర్ర బుగ్గలే తీసేశారు. అయినా మా వైపు కుర్రాళ్లు ముందు గ్రిల్లులో ఎరుపు నీలం మిణుకులు పెట్టమని వస్తారు. పెట్టను. ఎదురొచ్చేవాడి కళ్లు చెదిరితే పోయేది ప్రాణం. 2022 అక్టోబరులో కేరళ వడక్కంచేరి దగ్గర టూరిస్టు బస్సు ఆర్టీసీ బస్సును గుద్ది 9 మంది పోయాక, అక్కడి హైకోర్టు బస్సుల రంగు లైట్ల మీద ఎంత కఠినంగా ఆదేశాలిచ్చిందో చూశాను. ఆ కఠినత్వం అక్కడ కావాలి. డ్రైవరు కళ్లలో పడకుండా సీటు కింద వెలిగే లైటునూ దాన్నీ ఒకే గాట కట్టేస్తే ఎలా? ఏది కూడదో, ఏది ఫరవాలేదో సామాన్యుడికి అర్థమయ్యే ఒక పేజీ మీరు ఎందుకు వేయరు?

మా వాళ్లలో చెడ్డ పని లేదని చెప్పను. రెండు వైర్లు మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేసేవాళ్లున్నారు. ఎండాకాలం మా తుళ్లూరు నల్లరేగడి నేల మీద నిలబెట్టిన కారులో ఆ టేపు జిగురు కరిగి జారిపోతుంది, వైరు బయటపడుతుంది. రిపేరుకొచ్చిన కార్లలో అవి తీసి మళ్లీ కప్లర్లు వేసేది నేనే. కానీ వాళ్లకు నేర్పిందెవరు? ఏ గ్యారేజీలోనో చిన్నప్పుడు చేరి, మేస్త్రి చేతి వంక చూసి నేర్చుకున్న పని. మీ కొత్త మోడళ్ల గురించి బయటి మెకానిక్‌ను పిలిచి ఒక పూట కూర్చోబెట్టి చెప్పిన కంపెనీ మా దగ్గర ఒక్కటీ లేదు.

ఈ ప్రాంతం మనుషులకు వెలుతురంటే ఎంత మోజో మీరు కోటప్పకొండ తిరునాళ్లకు వస్తే తెలుస్తుంది. శివరాత్రికి ఊరూరి నుంచీ ఆకాశమంత ఎత్తు ప్రభలు కట్టుకుని, వాటి నిండా కరెంటు దీపాలు తగిలించి, జనరేటరు వెంటబెట్టుకుని తెస్తారు. ఆ వైరింగ్ చేసేదీ మాలాంటి వాళ్లే. మా దగ్గర అమరావతి రాజధానికి భూములిచ్చిన ఇళ్లలో పిల్లలు మొదటిసారి కారు కొన్నారు. 2015లో రాజధాని శంకుస్థాపన చూశారు, రాజధానిని తరలించొద్దని 2019 డిసెంబరు నుంచి మా ఊరి దీక్షా శిబిరంలో కూర్చున్నారు, 2025 మేలో పనులు మళ్లీ మొదలవడం చూశారు. ఇన్ని చూసిన ఇంట్లో కొత్త కారుకు నాలుగు లైట్లు పెట్టుకుంటామంటే అది మరీ అంత తప్పా? చివరికి ఆ తలుపు మోటారుకు డబ్బు కుర్రాడి నాన్నే కట్టాడు. పత్తి, మిర్చి అమ్మి బతికిన మనిషి. ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదు. నాతో కూడా ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

నేను అడిగేది పెద్దదేం కాదు. ప్రతి కారులో యజమాని వాడుకోవడానికి ఫ్యూజుతో సహా ఒక లైను విడిచిపెట్టండి, దాని మీద ఎన్ని యాంపియర్లు లాగవచ్చో మూత మీద రాయండి. సర్క్యూట్ బొమ్మలు మాలాంటివాళ్లకు అందుబాటులో పెట్టండి. వారంటీ కాదనేటప్పుడు ఏ వైరు వల్ల ఏ భాగం ఎలా పోయిందో మీటరు కొలతతో రాసిమ్మని మీ సర్వీస్ సెంటర్లకు చెప్పండి. ఇంకొకరి పని కోసేటప్పుడు కొసకు టేపు చుట్టమని కూడా చెప్పండి. కమిషన్ 2014లో చెప్పిన ఆ వారంటీ మాటను ప్రతి షోరూములోనూ, కస్టమరు కూర్చునే చోట, తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి.

ఇట్లు,
తుళ్లూరు నుంచి ఒక ఆటో ఎలక్ట్రీషియన్