కొలను మనది, ఆకలి కొంగది

ఇంగ్లండ్‌లో మన తోటల్లో వాలే బూడిద రంగు, పొడుగు కాళ్ళ పక్షిని ఇంట్లో అందరం హెరన్ అనేస్తాం. తెలుగులో దానికి మంచి పేరు ఉంది: నారాయణ పక్షి. కొంగల్లో అదొక రకం. ఆంధ్రాలో చెరువు గట్టున నిలబడేదీ, ఇక్కడ కోయి చేపల్ని ఎత్తుకెళ్ళేదీ ఒకే జాతి.

ఇంకో మాట. ఇంటి వెనక ఉన్న చిన్న పాండ్‌ని చెరువు అంటే నాకు మరీ పెద్దగా అనిపిస్తుంది. చెరువంటే ఊరికి నీళ్ళిచ్చేది. అందుకని నేను కొలను అంటాను.

గుడిలో ప్రసాదం వడ్డించేటప్పుడు ప్రతి వసంతంలో ఈ గొడవ వింటాను. "మొన్న ఆరు చేపలు పోయాయండీ, ఒక్కోటి వంద పౌండ్లు" అని ఒకరు బాధపడతారు. "ఎయిర్‌గన్‌తో ఒకటివ్వండి, మళ్ళీ రాదు" అని పక్కవారు అంటారు. నవ్వుతూనే అంటారు, కానీ అందులో సగం నిజం ఉంటుంది. దీనిమీద నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మనం మార్చాల్సింది కొలనుని, కొంగని కాదు.

మొదట చట్టం సంగతి. 1981లో వచ్చిన వైల్డ్‌లైఫ్ అండ్ కంట్రీసైడ్ యాక్ట్ ప్రకారం ఈ పక్షిని చంపడం, గాయపరచడం నేరం. జరిమానా పడుతుంది, జైలు శిక్ష కూడా పడొచ్చు. చేపల పెంపకందార్లకి తీవ్రమైన నష్టం జరుగుతుంటే లైసెన్సు అడిగే దారి ఉంది. మన ఇంటి కొలను చేపల పెంపకం కాదు, సరదా.

తరవాత న్యాయం సంగతి. మోకాలి లోతు కూడా లేని తేట నీళ్ళలో మనం బంగారంలా మెరిసే చేపల్ని వదులుతాం. వాటికి దాక్కోడానికి చోటు ఉండదు. అది విస్తరి వేసి పిలిచినట్టే కదా! "కొంగ జపం" అని మనవాళ్ళు ఈ పక్షికి దొంగ అని పేరు పెట్టారు. కానీ కదలకుండా నిలబడటం దాని మోసం కాదు, దాని పని. నీళ్ళు గడ్డకడితే ఆ పని కూడా పోతుంది. 1962–63 చలికాలంలో అలా గడ్డకట్టినప్పుడు ఈ దేశంలో వీటి సంఖ్య బాగా పడిపోయింది.

మరి చేపల సంగతి? వాటిని కాపాడాల్సిందే. తెచ్చి అక్కడ పెట్టింది మనమే కాబట్టి ఆ బాధ్యత మనదే. ఈ పక్షి ఎక్కువగా గట్టు మీద వాలి, నడుచుకుంటూ నీళ్ళలోకి దిగుతుంది. అందుకని కొలను చుట్టూ కర్రలు పాతి నైలాన్ దారం కట్టండి. నేలకి జానెడు ఎత్తులో ఒకటి, జానెడున్నర ఎత్తులో ఇంకొకటి. జానెడు అంటే సుమారు 20 సెంటీమీటర్లు, మన చేత్తోనే కొలవొచ్చు. గట్టు ఏటవాలుగా కాకుండా నిటారుగా ఉంటే మంచిది. ఒక చోటైనా మీటరు లోతు ఉండాలి. అడుగున వెడల్పాటి పైపు ముక్కలు వేయండి, పైన కలువ ఆకులు పెరగనివ్వండి. అప్పుడు చేపలకి దాక్కోడానికి చోటు ఉంటుంది.

వల వేస్తే బిగుతుగా లాగి కట్టండి. వదులుగా ఉన్న వలలో పక్షుల కాళ్ళు చిక్కుకుంటాయి. అది నెమ్మదిగా చంపడమే అవుతుంది. ప్లాస్టిక్ కొంగ బొమ్మ మీద మాత్రం డబ్బు పెట్టకండి. ఇంకో కొంగ నిలబడి ఉంటే "ఇక్కడ తిండి ఉంది కాబోలు" అని అసలు కొంగ దిగే అవకాశం కూడా ఉంది.

"కొల్లేరు వైపు రైతులు కూడా పక్షుల్ని తోలతారు కదా?" అని ఒకాయన నన్ను అడిగారు. నిజమే. కైకలూరు పక్కన ఆటపాకలో గూడబాతులు, అంటే పెలికన్లు, గూళ్ళు పెడతాయి. చుట్టూ ఎటు చూసినా చేపల చెరువులే. అక్కడ రైతు చెరువు మీద దారాలు కడతాడు, టపాకాయలు కాలుస్తాడు, కాపలా మనిషిని పెడతాడు. పక్షి తిన్న ప్రతి చేపా అతని అప్పు మీద పడుతుంది. అతని కోపం నాకు అర్థమవుతుంది. మన కోపానికి అంత బరువు లేదు. బతుకుతెరువు పోతున్న మనిషే దారాలతో, కాపలాతో నెట్టుకొస్తుంటే, అందం కోసం చేపలు పెంచే మనకి తుపాకీ మాట ఎందుకు?

చేప మత్స్యావతారం, పక్షేమో నారాయణుడి పేరు పెట్టుకుంది. ఎవరి పక్షం తీసుకోవాలో నన్ను అడగకండి! దారం కట్టడానికి ఒక శనివారం పొద్దున చాలు. ఈ పక్షులు ఎక్కువగా తెల్లవారుజామున, చీకటి పడే వేళ వస్తాయి కాబట్టి ఆ మధ్యలో పని అయిపోతుంది. మీ అమ్మమ్మగారినో నాయనమ్మగారినో ఈ పక్షిని వాళ్ళ ఊళ్ళో ఏమనేవారో కూడా అడగండి. నాకు తెలిసింది ఒక్క పేరే.