సమాధులపై పూలు, సరిహద్దులో తాళాలు

భారత్, పాకిస్థాన్ వార్తలు చూసే సింగపూర్ టాంపినీస్ తెలుగువారు ఈ గడ్డ మీది పాత పగనూ తెలుసుకోవాలి. 1963లో ఇండోనేషియా, అప్పుడు మలేసియాలో భాగమైన సింగపూర్‌తో వర్తకం తెంచుకుంది. 1965 మార్చి 10న సింగపూర్‌లోని మెక్‌డొనాల్డ్ హౌస్‌లో బాంబు పేలి ముగ్గురు చనిపోయారు. దోషులైన ఇద్దరు ఇండోనేషియా సైనికులను 1968లో సింగపూర్ ఉరితీస్తే జకార్తా భగ్గుమంది. అయినా 1973లో సింగపూర్ ప్రధాని లీ క్వాన్ యూ అక్కడికి వెళ్లి వారి సమాధులపై పూలు చల్లారు. ఎంత గుండె కావాలి దానికి!

అలాంటి గుండె ఇప్పుడు భారత్, పాక్‌ల మధ్యా కావాలి. 2025 ఏప్రిల్‌లో కశ్మీర్‌లోని పహల్గామ్‌లో జరిగిన ఉగ్ర హత్యాకాండ తర్వాత అట్టారీ సరిహద్దు ద్వారం మూతపడింది. మే 2న మూడో దేశం మీదుగా వచ్చే పాక్ సరుకునూ భారత్ నిషేధించింది. ఉగ్రవాదానికి గట్టి జవాబు ఉండాల్సిందే. అప్పుడు రద్దయిన పాక్ రోగుల వైద్య వీసాలను మాత్రం ముందుగా పునరుద్ధరించాలి.