ఆయా చాలా? క్రెచ్‌కు పంపాలా?

ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థల్లో క్రెచ్ ఉండాలంది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చనీ చెప్పింది. చిన్న సంస్థల్లో పనిచేసేవారికి ఆ వెసులుబాటు లేదు. మీ బిడ్డను సాకే ఆయాకూ లేదు. అందుకే నిర్ణయం భారమంతా ఇంటిమీదే పడుతోంది.

బిడ్డ ఆయా దగ్గర బాగా తిని, ఆడుకుని, నిద్రపోతుంటే తొందరపడి మార్చక్కర్లేదు. ఫోను ముందే పొద్దు గడుస్తున్నా, ఆయా తరచూ మానేస్తున్నా ఆలోచించాల్సిందే.

క్రెచ్‌లో చేరిన కొత్తలో జలుబు, దగ్గు, విరేచనాలు ఎక్కువ. కాబట్టి 16-24 నెలల మధ్య వేయాల్సిన ఎంఆర్ రెండో డోసు, డీపీటీ బూస్టర్ మరవద్దు. చూడటానికి వెళ్లినప్పుడు గోడల మీద బొమ్మలు కాదు, మనుషుల్ని లెక్కపెట్టండి. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం మూడేళ్లలోపు పిల్లలు పది మందికి శిక్షణ పొందినవారు ఒకరుండాలి. చెప్పకుండా వచ్చినా లోపలికి రానిస్తారా అని అడగండి.

మొదట్లో గంటా రెండు గంటలే ఉంచండి. కొన్నాళ్లు ఏడవడం మామూలే. వారాలు గడిచినా తిండి, నిద్ర కుదుటపడకపోతే పిల్లల వైద్యుల్ని కలవండి.