కళాపూర్ణోదయమున కవిని పోలిన పాత్ర

అద్భుతకల్పనాప్రధానమగు కావ్యమున కవిని పోలిన పాత్ర యేదని విచారించునపుడు, కళాకారుడైన పాత్రపై దృష్టి నిలుచుట సహజము. కళాపూర్ణోదయమున నారదశిష్యుడును గంధర్వగాయకుడును అగు మణికంధరుడు అట్టివాడు. కాని విద్యాసామ్యము పైపై పోలిక మాత్రమే. పింగళి సూరనను నిజముగా పోలినవాడు ఆ కావ్యమందలి బ్రహ్మయని నా అభిప్రాయము.

బ్రహ్మ సరస్వతికి వినోదార్థము కళాపూర్ణుని కథ చెప్పెను. తమ ఏకాంతప్రణయమే ఆ కథగా రూపుదాల్చినదని ఆమె గ్రహించెను. ఒకే కథనమునకు పైకొక అర్థము, లోన వేరొక అర్థము! రామకథను, భారతకథను ఒకే పద్యమున నడపి రాఘవపాండవీయము రచించిన హస్తమే ఇచట గోచరించుటలేదా? పైగా విధాత పలుకు వ్యర్థము కారాదు గనుక ఆ కథలోని వారు భూమిపై జన్మించిరి. ప్రసిద్ధపురాణకథను ఆశ్రయింపక స్వతంత్రముగా ఇతివృత్తమును కల్పించిన సూరన, కల్పనకు గల సృష్టిశక్తిని ఈ విధముగా సమర్థించుకొనెను.

ప్రాచీనకవుల జీవితవిశేషములు మనకు లభించినవి స్వల్పము. ఆ లోటును పాత్రల చరిత్రలతో పూరింపబూనినచో ఊహయే చరిత్రగా చలామణి యగును. కావున కవి పోలికను పాత్రల జీవితఘటనలలో గాక, కథానిర్మాణరీతిలో వెదకుట యుక్తము.