ఘోడీది గుస్సా కాదు, ఖౌఫ్

మా చిచ్చా బరాత్‌లకి కిరాయికిచ్చే తెల్ల ఘోడీకి జీను ఒరుసుకుని వీపు మీద జఖమ్ అయింది. మందు రాయాలంటే చుట్టూ వెంట్రుకలు మెషిన్‌తో తీయాలి. మెషిన్ గుర్రుమనగానే అది వెనక కాళ్ళ మీద లేచింది. "బద్‌మాష్ ఘోడీ! పై పెదవికి తాడు మెలేయండి" అన్నారు అక్కడున్నవాళ్ళు. నేను ఒప్పుకోలేదు. తాడుతో ఖామోష్ చేయొచ్చు, ఖౌఫ్ పోదు.

మనకు వినబడని సన్నటి చప్పుళ్ళు కూడా గుర్రానికి వినబడతాయి. ఈగ వాలితేనే దాని చర్మం అదురుతుంది. అందుకే ముందు ఆపి ఉన్న మెషిన్‌ని వాసన చూడనివ్వాలి. తర్వాత దూరంగా ఆన్ చేయాలి. అది తల దించి నిమ్మళించగానే ఆపేయాలి. ఎగిరినప్పుడు ఆపితే ఎగరడమే నేర్చుకుంటుంది, చాలామంది గల్తీ ఇక్కడే. ఆనక దాని భుజం మీద మన చెయ్యి పెట్టి, ఆ చెయ్యి మీద మెషిన్ ఆనించాలి. చెవులు, మొహం ఆఖరికి. బ్లేడ్ వేడెక్కిందేమో మన మణికట్టు మీద చూసుకోవాలి. ఎన్నోసార్లు ఖసూర్ మొద్దు బ్లేడ్‌దే.

జఖమ్ ముదిరితే మాత్రం సబర్ పనికిరాదు, పశువుల డాక్టర్‌ని పిలిచి మత్తు సూది వేయించాలి. మాది అంత లేదు, రోజూ ఉప్పునీళ్ళతో కడిగాం.

"అంత వక్త్ ఎక్కడిది, ఆదివారం షాదీ ఉంది" అన్నారు చిచ్చా. జఖమ్ మీద జీను వేసి దూల్హాని ఎక్కించడం ఏం ఇన్సాఫ్? పరుగెత్తే గుర్రాల మీద ఖసమ్‌తో మొదలయ్యే సూరా ఆదియాత్ మన పిల్లలకు జబానీ వచ్చు. దొడ్లో గుర్రం హక్ మాత్రం మనకు యాద్ రాదు.

ఆరు రోజులు పట్టింది. షాదీకి వేరేవాళ్ళ గుర్రం వెళ్ళింది. చిచ్చా రెండు రోజులు నా సలాంకి సరిగ్గా జవాబ్ కూడా ఇవ్వలేదు.