అరుగు మీద కబుర్లు: దొంగ పిల్లి

పిల్లలూ, మా వీధి అరుగు మీద సాయంకాలం పూట చేరే పిల్లల సంగతి మీకు తెలిసినదే. కిందటి ఆదివారం అక్కడ పెద్ద తగాదా వచ్చింది. దానికి కారణం ఒక పిల్లి. నిజం పిల్లి కాదు, ఎనిమిదో తరగతి చదివే గోపి తయారుచేసిన వీడియో గేములోని పిల్లి.

ఆ ఆట ఇలా ఉంటుంది. ఒక పాత ఇంటి అటక మీద ఎలుక పరుగెత్తుతూ ఉంటుంది. మీట నొక్కితే ఎగురుతుంది. అది ఒక దూలం మీంచి మరొక దూలం మీదికి దూకుతూ, చివర ఉన్న బెల్లం బుట్ట చేరుకోవాలి. దారిలో పిల్లులు ఉంటాయి. గోపి ఈ ఆటను స్క్రాచ్‌లో చేశాడు. స్క్రాచ్ అంటే అమెరికాలోని ఎం.ఐ.టి. అనే విద్యాసంస్థ వారు 2007లో పిల్లల కోసం విడుదల చేసిన కంప్యూటరు భాష. అందులో ఆజ్ఞలు రంగురంగుల ముక్కలుగా ఉంటాయి. వాటిని ఒకదాని కింద ఒకటి అతికిస్తే బొమ్మలు మనం చెప్పినట్టు ఆడతాయి.

శనివారం గోపి బడిలో ప్రదర్శన ఉన్నది. చిన్న తరగతుల వాళ్ళ చేత ఈ ఆట ఆడించాలని గోపి నెల రోజులు కష్టపడ్డాడు. ముందుగా చెల్లెలు బుజ్జిని కూర్చోబెట్టాడు. బుజ్జి మూడుసార్లు ఆడింది. మూడుసార్లూ ఎలుక మూడో దూలం దగ్గిరే చచ్చింది. బుజ్జి లేచి, "నీ ఆట నాకొద్దు, అన్నయ్యా. నీది దొంగ పిల్లి!" అని కళ్ళనీళ్ళతో అరుగు మీదికి వచ్చేసింది.

వెనకనే గోపి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. "దానికి ఆడటం చాతకాదు, మామయ్యా. నేను పదిసార్లు ఆడితే పదిసార్లూ బెల్లం బుట్ట చేరాను," అన్నాడు.

"నువు చేసిన ఆట నీకు రాక ఎవరికి వస్తుందిరా?" అన్నాడు సుబ్బు.

"కష్టంగా ఉంటేనే ఆట. తేలిగ్గా ఉంటే ఎవరాడతారు?" అన్నాడు గోపి.

నేను ఆట చూపించమన్నాను. నాకూ మూడో దూలం దగ్గిర బుజ్జి గతే పట్టింది. పై కప్పులోంచి, ఏ చప్పుడూ లేకుండా, ఒక పిల్లి సరిగ్గా ఎలుక నెత్తిన పడింది.

"ఒరేయ్ గోపీ, కష్టం వేరు, అన్యాయం వేరు. ఈ పిల్లి వస్తుందని నాకు ముందుగా ఎట్లా తెలుస్తుంది?" అని అడిగాను.

"ఒకసారి చస్తే తెలుస్తుంది!" అన్నాడు గోపి.

"మరి వైకుంఠపాళీలో పాము మింగటం లేదా?" అన్నాడు సుబ్బు, ఈసారి గోపి పక్షాన. "అందులో మన తప్పేముంది? గవ్వలు ఎట్లా పడితే అట్లా పోవలసిందే గదా!"

ఇది మంచి ప్రశ్నే. నేను జవాబు చెప్పేలోపలే సీత అందుకున్నది. "వైకుంఠపాళీలో పాము పటం మీద కనబడుతూనే ఉంటుంది. అందరికీ అదే పాము. ఎవరూ దాన్ని దాచి పెట్టరు. పులి-మేక ఆటలో చూడు. 3 పులులు, 15 మేకలు. పులి ఎక్కడున్నదీ ఎదురుగానే కనిపిస్తుంది. మేక పోయిందంటే నేను సరిగా చూసుకోలేదన్న మాట. గోపి పిల్లి పటం మీద లేదు."

గోపి ముఖం ముడుచుకున్నాడు. అప్పుడు నేను వాళ్ళకు ఒక కథ చెప్పాను.

1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ పరిశోధనశాలలో విలియం హిగిన్‌బోథమ్ అనే భౌతిక శాస్త్రవేత్త ఉండేవాడు. ఏడాదికొకసారి ఆ పరిశోధనశాల చూడటానికి జనం వచ్చేవాళ్ళు. ఊరికే పటాలూ యంత్రాలూ చూసి పోవటంలో వాళ్ళకు ఉత్సాహం కలగటం లేదని ఆయన గ్రహించాడు. అందుచేత కొలతలు చూపే ఒక చిన్న తెర మీద టెన్నిస్ ఆట ఏర్పాటు చేశాడు. అడ్డంగా ఒక గీత నేల, నిలువుగా పొట్టి గీత వల, ఎగిరే చుక్క బంతి. అంతే. దాన్ని ఆడటానికి వందలాది మంది బారులు తీరి నిలబడ్డారు.

"ఆయనదీ ప్రదర్శనే!" అన్నాడు గోపి, కాస్త ముఖం విప్పి.

"అవును. ఆయన ముందు ఆలోచించినది తన నేర్పు గురించి కాదు, వచ్చేవాళ్ళ గురించి," అన్నాను.

"మారియో ఆటలో కూడా చచ్చిపోతాం గదా, మామయ్యా. మరి దాన్ని అందరూ ఎందుకు ఆడతారు?" అని సుబ్బు అడిగాడు.

సుబ్బు అడిగినది 1985లో జపానులో నింటెండో కంపెనీ విడుదల చేసిన 'సూపర్ మారియో బ్రదర్స్' గురించి. షిగెరు మియామోతో, తకాషి తెజుకా అనేవాళ్ళు దాన్ని రూపొందించారు. దాని మొదటి అంకం చూడండి. అందులో ఆట ఆడే పద్ధతి ఒక్క మాటలో కూడా రాసి ఉండదు. మారియో తెరకు ఎడమ పక్కన నిలబడి ఉంటాడు. కుడి పక్కన అంతా ఖాళీ. కాబట్టి కుడికి పోవాలని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. నాలుగడుగులు వేయగానే ఎదురుగా కోపపు ముఖంతో ఒక గూంబా నడిచి వస్తుంది. దాచిపెట్టలేదు, దూరం నుంచే కనబడుతుంది. దాన్ని తాకితే మారియో చస్తాడు. అయితే ఆట అప్పుడే మొదలయింది గనక నష్టం నాలుగడుగులే. రెండోసారి ఆ పిల్లవాడు తప్పక ఎగురుతాడు.

తరవాత ఒక పెట్టెను తలతో కొడితే పుట్టగొడుగు బయటికి వస్తుంది. అదీ గూంబా లాగే కనిపిస్తుంది గనక పిల్లవాడు భయపడతాడు. ఆ పుట్టగొడుగు కుడి పక్కకు పోయి, ఒక గొట్టానికి తగిలి, వెనక్కు తిరిగి మారియో మీదికే వస్తుంది. తప్పించుకుందామని ఎగిరితే పైన పెట్టెలు అడ్డం. చాలాసార్లు అది తగలనే తగులుతుంది. తగిలితే మారియో చావడు, పెద్దవాడవుతాడు! ఇది మంచిదని ఇక ఎవరూ చెప్పనక్కరలేదు.

"అన్నిటికన్నా నాకు నచ్చినది మెట్ల సంగతి," అన్నాను. "ఆ అంకంలో ఎదురెదురుగా రెండు మెట్ల వరసలుంటాయి. మధ్య సందు దాటాలి. మొదటిసారి ఆ సందు అడుగున నేల ఉంటుంది, పడినా ఏమీ కాదు. మరి కాస్త దూరం పోతే అలాంటి మెట్లే మళ్ళీ వస్తాయి. ఈసారి అడుగున నేల ఉండదు, పడితే చావే. అంటే ఏమిటి?"

బుజ్జి కళ్ళు తుడుచుకుని, "ముందు నేర్పించి, తరవాత పరీక్ష పెట్టారు," అన్నది.

"మా లెక్కల మాష్టారు ఆ ఆట ఆడి ఉంటే బాగుండును!" అన్నాడు సుబ్బు. అందరూ నవ్వారు.

గోపి నవ్వలేదు. ఆలోచనలో పడ్డాడు. కొంచెంసేపటికి, "నా ఆటలో ఇంకో తప్పు కూడా ఉన్నది, మామయ్యా. పిల్లులు తక్కువైన కొద్దీ ఎలుక వేగం పెరుగుతున్నది. నేను అట్లా రాయలేదు. దాన్ని తీసెయ్యాలా?" అని అడిగాడు.

నాకు భలే సంతోషం వేసింది. ఎందుకంటే సరిగ్గా ఇలాంటి చిక్కే 1978లో జపానులో తొమోహిరో నిషికాదోకు వచ్చింది. ఆయన టైటో కంపెనీ కోసం 'స్పేస్ ఇన్వేడర్స్' అనే ఆట తయారుచేస్తున్నాడు. తెర మీద 55 మంది ఆకాశపు శత్రువులు బారులు తీరి కిందికి దిగుతారు. వాళ్ళను కాల్చాలి. అప్పటి యంత్రానికి అంత మందిని కదిలించటం కష్టంగా ఉండేది. శత్రువులు చచ్చిన కొద్దీ యంత్రానికి పని తగ్గి, మిగిలినవాళ్ళు వేగంగా కదిలేవాళ్ళు. ఆయన దాన్ని లోపమనుకుని సరిదిద్దలేదు. గెలుపు దగ్గిరపడిన కొద్దీ గుండె దడ పెరగటం బాగుందని అలాగే ఉంచాడు.

అంతకు ముందు 1972లో అమెరికాలో అటారీ కంపెనీ వారి 'పాంగ్' అనే ఆటలో కూడా ఇంతే. రెండు బద్దలు, మధ్య బంతి. దాన్ని చేసిన అలన్ ఆల్కార్న్ బద్దను 8 భాగాలు చేసి, ఏ భాగానికి తగిలితే బంతి ఎటు పోవాలో ఏర్పాటు చేశాడు. మధ్య తగిలితే తిన్నగా పోతుంది, కొసన తగిలితే ఏటవాలుగా పోతుంది. అయితే యంత్రంలోని లోపం వల్ల బద్ద తెర పై అంచు దాకా పోయేది కాదు. ఆయన దాన్ని అలాగే వదిలేశాడు. లేకపోతే నేర్పరులు ఇద్దరు కూర్చుంటే ఆట ఎప్పటికీ తెమలదు గదా!

"అయితే నా దొంగ పిల్లిని కూడా ఉంచవచ్చునన్న మాట!" అన్నాడు గోపి ఆశగా.

"ఉండు," అన్నది సీత. "ఆ లోపాలు అందరికీ కనబడుతూనే ఉన్నాయి. శత్రువు వేగం పెరగటం కళ్ళ ముందే జరుగుతుంది. నీ పిల్లి అట్లా కాదు."

"ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో తెలుసుకోవటం ఎట్లా?" అన్నాడు గోపి.

"దానికి ఒకటే మార్గం," అన్నాను. "ఆట తెలియనివాళ్ళను కూర్చోబెట్టు. నువు వెనక కూర్చుని నోరు మూసుకో. అటు పో, ఇటు ఎగురు అని చెప్పకు. ప్రదర్శనలో నువు ప్రతివాడి చెవిలోనూ చెప్పలేవు గదా! ఓడిపోయినవాళ్ళు ఏమంటారో మాత్రం విను. 'ఇది మోసం' అంటే తప్పు నీది. 'అయ్యో, నేనే తొందరపడ్డాను' అంటే నీ ఆట మంచిది."

గోపి బుజ్జి వైపు చూశాడు. "నేను ఆడను," అన్నది బుజ్జి.

మర్నాడూ, ఆ మర్నాడూ గోపి అరుగు మీదికి రాలేదు. బుధవారం నాడు వచ్చి, మాట్లాడకుండా ల్యాప్‌టాప్ బుజ్జి ముందు పెట్టాడు. ఇప్పుడు మొదటి దూలం మీద ఒక పిల్లి నిద్రపోతున్నది. దానికి పైన కప్పులోంచి మరో పిల్లి తోక వేళ్ళాడుతున్నది. తోక ఊగింది, పిల్లి దూకింది. కాని అది నిద్రపోయే పిల్లి మీద పడింది. రెండూ పోట్లాడుకుంటూ పారిపోయాయి. బుజ్జి పకపకా నవ్వింది. ఎలుకకు ఏమీ కాలేదు, కాని తోక ఊగితే పిల్లి దూకుతుందని బుజ్జికి తెలిసిపోయింది.

మూడో దూలం దగ్గిర మళ్ళీ తోక ఊగింది. బుజ్జి ఆగలేక పరుగెత్తించింది. పిల్లి ఎలుకను పట్టుకున్నది. గోపి రెండు చేతులతో నోరు మూసుకుని ఉన్నాడు.

"ఛా! తోక చూశాను గాని ఆగలేకపోయాను," అన్నది బుజ్జి. "అన్నయ్యా, ఇంకొక్కసారి!"

ఆ మాట వినగానే గోపి ముఖం ఎంత వెలిగిందో మీరు చూడవలసింది.

ఇంతలో వాళ్ళమ్మ వాకిట్లోకి వచ్చి, "ఇంకొక్కసారి అని ఇప్పటికి ఎన్నిసార్లయింది? అన్నాలకు రండి," అన్నది. ఆ రాత్రే గోపి ఆటలో మరొక మార్పు చేశాడు. ప్రతి 5 దూలాలకూ ఎలుక ఒక కలుగు చేరి పడుకుంటుంది. అక్కడ ఆట ఆపి, మర్నాడు అక్కడినుంచే మొదలుపెట్టవచ్చు. పిలవగానే లేచి పోవటానికి వీలు ఇవ్వటం కూడా ఆట చేసేవాడి మర్యాదే గదా!

పిల్లలూ, మీరూ ఒక ఆట చేసి చూడండి. కంప్యూటరు లేకపోయినా ఫరవాలేదు. గళ్ళ కాగితం మీద దారి గీసి, చింతపిక్కలు పావులుగా పెట్టండి. మీ తమ్ముడి చేతనో చెల్లెలి చేతనో ఆడించండి. వాళ్ళు ఆడుతున్నంతసేపూ మీరు నోరు మెదపకూడదు సుమా! అదే అన్నిటికన్నా కష్టమైన ఆట.